జేఎస్ఎక్స్‌గ్రాఫ్: బ్రౌజర్‌లో గీసే గణితం

జేఎస్ఎక్స్‌గ్రాఫ్ గణిత రేఖాచిత్రాలనూ జ్యామితి పటాలనూ బ్రౌజర్‌లోనే గీసే ఓపెన్‌సోర్స్ సాధనం. సమీకరణం ఇస్తే వక్రరేఖ గీస్తుంది. మూడు బిందువులు ఇస్తే వాటి గుండా పోయే వృత్తం గీస్తుంది. ఒక బిందువును వేలితో పట్టి లాగితే, దానిమీద ఆధారపడ్డ పటమంతా ఆ క్షణమే మారుతుంది. జర్మనీలోని బైరాయిత్ విశ్వవిద్యాలయంలో 2008 నుంచి రూపుదిద్దుకుంటున్న ఈ సాధనం పూర్తిగా జావాస్క్రిప్టులో రాసినది. విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సిన పనిలేదు. కంప్యూటరు, ట్యాబ్, ఫోను, తరగతి గోడమీది ప్యానెల్ ఏదైనా సరే, బ్రౌజర్ ఉంటే చాలు.

ఇలాంటి సాధనాల గురించి తెలుగు పాఠకులు తెలుసుకోవాల్సిన అవసరం ఇప్పుడు ఎక్కువగా ఉంది. బడుల్లోకి తెరలు వచ్చాయి. వాటిమీద కనిపించే పాఠాలు మాత్రం ఎక్కువగా ఎక్కడో తయారై వస్తున్నాయి. పాఠం చెప్పే ఉపాధ్యాయురాలే తన పటాన్ని తాను తయారుచేసుకోగలగడం, దాన్ని విద్యార్థి విప్పి చూసి మార్చగలగడం ఓపెన్‌సోర్స్ సాధనం వల్ల కలిగే అసలు మేలు. ఈ వ్యాసంలో ఉదాహరణలు శ్రీ సత్యసాయి జిల్లాలోని రొద్దం, ధర్మవరం, లేపాక్షి, పెనుకొండల నుంచి తీసుకున్నవి.

పుట్టుపూర్వోత్తరాలు

సమీకరణాన్ని గీతగా చూడవచ్చన్న ఆలోచనకు ఐరోపాలో స్థిరమైన రూపం ఇచ్చినది రెనె డెకార్ట్ 1637లో వెలువరించిన జ్యామితి గ్రంథం. తెరమీద పటాన్ని పట్టుకుని కదిలించడం 1963లో మొదలైంది. ఆ ఏడాది ఇవాన్ సదర్లాండ్ మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామును తన పరిశోధనగా సమర్పించాడు. కాంతి కలంతో గీసిన రేఖలు సమాంతరంగా ఉండాలి, పొడవులు సమానంగా ఉండాలి అని నియమం పెడితే ఆ ప్రోగ్రాము పాటించేది.

బడికి పనికొచ్చే చర జ్యామితి 1980లలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పుట్టిన కాబ్రీతో వచ్చింది. 1991లో అమెరికాలో నికొలస్ జాకివ్ రూపొందించిన జామెటర్స్ స్కెచ్‌ప్యాడ్, తర్వాత జర్మనీలో రిష్టర్-గెబర్ట్, కోర్టెన్‌కాంప్‌లు తయారుచేసిన సిండరెల్లా ఆ బాటను విస్తరించాయి. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ జియోజీబ్రాను మొదలుపెట్టాడు. బీజగణితాన్నీ జ్యామితినీ ఒకే తెరమీద పక్కపక్కనే చూపడం దాని ప్రత్యేకత. బైరాయిత్‌లోనూ అప్పటికే జియోనెక్స్ట్ అనే సాధనం ఉండేది.

ఈ తరం సాధనాల్లో చాలావాటికి జావా ఆధారం. వెబ్ పేజీలో అవి కనిపించాలంటే బ్రౌజర్‌కు జావా ప్లగిన్ తగిలించాల్సి వచ్చేది. భద్రతా కారణాల వల్ల బ్రౌజర్లు ప్లగిన్లను క్రమంగా వదిలేశాయి, 2015లో క్రోమ్ కూడా ఆ తలుపు మూసింది. బైరాయిత్ బృందం అంతకు ఏడేళ్ల ముందే ప్లగిన్ అవసరం లేని దారి ఎంచుకుంది. ఆల్ఫ్రెడ్ వాసర్మాన్, మాథియాస్ ఏమాన్, మిఖాయెల్ గెర్‌హాయిజర్, కార్‌స్టెన్ మిల్లర్, బియాంకా వాలెంటిన్, పీటర్ విల్‌ఫార్ట్ తొలి రూపకర్తలు. వెబ్ ప్రమాణాల సంస్థ 2001లో ఆమోదించిన ఎస్‌వీజీ అనే రేఖా చిత్ర పద్ధతిని వాళ్లు పునాదిగా తీసుకున్నారు. అప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఎస్‌వీజీ తెలియదు కాబట్టి దానికోసం వీఎంఎల్ అనే మరో పద్ధతినీ జతచేశారు. కాన్వాస్ అనే మూడో పద్ధతిలోనూ ఈ సాధనం గీయగలదు.

పనిచేసే తీరు

జేఎస్ఎక్స్‌గ్రాఫ్‌లో పని ఒక ‘బోర్డు’తో మొదలవుతుంది. వెబ్ పేజీలో ఒక పెట్టెకు స్థలం కేటాయించి, ఆ బోర్డు ఎడమ, పై, కుడి, కింది అంచుల విలువలు నాలుగూ చెప్పాలి. ఆ తర్వాత ‘క్రియేట్’ అనే ఒకే ఆదేశంతో బిందువు, రేఖ, వృత్తం, ప్రమేయం, స్లైడరు అన్నీ పుట్టించవచ్చు. ఎలాంటి వస్తువు, దేని ఆధారంగా, ఏ రంగులో అని మూడు సంగతులు చెబితే సరిపోతుంది.

గణిత తలానికీ తెరకూ లెక్క వేరు. తలంలో పైకి పోయేకొద్దీ వై విలువ పెరుగుతుంది. తెరమీద చుక్కలను మాత్రం పైనుంచి కిందికి లెక్కిస్తారు. అంచులు −5, 5, 5, −5 అని ఇచ్చి, 500 చుక్కల వెడల్పు, 500 చుక్కల ఎత్తు ఉన్న పెట్టె తీసుకుంటే ఒక యూనిట్‌కు 50 చుక్కలు వస్తాయి. అప్పుడు (2, 3) అనే బిందువు ఎడమ అంచునుంచి (2 + 5) × 50 = 350 చుక్కల దూరంలో, పై అంచునుంచి (5 − 3) × 50 = 100 చుక్కల దూరంలో పడుతుంది. తొమ్మిదో తరగతిలో నిరూపక జ్యామితి నేర్చినవాళ్లెవరైనా ఈ లెక్క కాగితంమీద వేసి సరిచూసుకోవచ్చు.

కదిలే పటానికి ప్రాణం ఆధార సంబంధాల్లో ఉంది. త్రిభుజం శీర్షాలు మూడూ స్వేచ్ఛా బిందువులు. భుజాలు శీర్షాల మీద, లంబసమద్విఖండన రేఖలు భుజాల మీద, పరికేంద్రం ఆ రేఖల మీద, పరివృత్తం పరికేంద్రం మీద ఆధారపడతాయి. ఒక శీర్షాన్ని లాగితే సాధనం ఈ వరుసలోనే ఒక్కొక్కదాన్ని మళ్లీ లెక్కగట్టి తిరిగి గీస్తుంది. అందుకే త్రిభుజాన్ని ఎటు లాగినా పరివృత్తం మూడు శీర్షాలనూ వదలదు. లఘుకోణ త్రిభుజం లంబకోణ త్రిభుజమయ్యే క్షణంలో పరికేంద్రం కర్ణం మధ్యబిందువుకు చేరడం, అధికకోణం రాగానే త్రిభుజం బయటికి వెళ్లడం పిల్లలు కళ్లారా చూడవచ్చు. నల్లబల్లమీద దీన్ని చూపాలంటే మూడు వేర్వేరు పటాలు గీయాలి, అయినా మధ్యలో జరిగే మార్పు కనిపించదు.

వక్రరేఖ గీయడంలో చిక్కు మరో రకం. సాధనం ప్రమేయాన్ని ఎన్నో బిందువుల వద్ద లెక్కించి వాటిని కలుపుతుంది. వంపు ఎక్కువగా ఉన్నచోట బిందువుల మధ్య దూరాన్ని సగం సగం తగ్గిస్తూ పోతుంది. టాంజెంట్ ప్రమేయంలాగా విలువ ఒక్కసారిగా తెగిపోయే చోట రెండు కొసలనూ కలపకూడదు. ఆ తెగుదలను గుర్తించడం ఏ గ్రాఫు సాధనానికైనా గట్టి పరీక్షే.

ఏమేం గీయవచ్చు

బిందువు, రేఖ, వృత్తం, బహుభుజి వంటి ప్రాథమిక పటాలతో పాటు శాంకవాలు, స్పర్శరేఖలు, బిందుపథాలు, పరామితీయ వక్రాలు, ధ్రువ నిరూపకాల్లోని వక్రాలు, బెజియే వక్రాలు గీయవచ్చు. వక్రరేఖ కింది వైశాల్యాన్ని దీర్ఘచతురస్రాల మొత్తంగా చూపే రీమన్ మొత్తం సిద్ధంగా ఉంది. స్లైడరుతో దీర్ఘచతురస్రాల సంఖ్య పెంచుకుంటూ పోతే మొత్తం నిశ్చిత సమాకలని విలువకు దగ్గరవడం కనిపిస్తుంది. అవకల సమీకరణాలను సంఖ్యాత్మకంగా సాధించే రుంగే–కుట్టా పద్ధతి ఉంది. పరావర్తనం, భ్రమణం, స్థానాంతరణం వంటి పరివర్తనలు ఉన్నాయి. ఇటీవలి రూపాల్లో త్రిపరిమాణ దృశ్యమూ వచ్చింది. సూత్రాలను అందంగా చూపేందుకు మ్యాథ్‌జాక్స్, కేటెక్‌లతో కలిసి పనిచేస్తుంది. ఆన్‌లైన్ తరగతులు నడిపే మూడుల్‌లో, గణిత ప్రశ్నలను యంత్రమే దిద్దే స్టాక్ వ్యవస్థలో దీన్ని పొందుపరచవచ్చు.

రొద్దం పేరున్న శాస్త్రవేత్త, ఒక వక్రరేఖ

రొద్దం పెన్నా ఒడ్డున ఉన్న మండల కేంద్రం. ఈ ఊరి పేరును ఇంటిపేరుగా ప్రపంచ విజ్ఞానంలోకి తీసుకుపోయినవాడు ద్రవ గతిశాస్త్రవేత్త రొద్దం నరసింహ (1933–2020). ఆయన కుటుంబ మూలాలు ఇక్కడివి. చదువు, పని ఎక్కువగా బెంగళూరులో సాగాయి. భారతీయ విజ్ఞాన సంస్థలో సతీశ్ ధవన్ వద్ద పరిశోధన చేసి, 1961లో అమెరికాలోని కాల్‌టెక్‌లో డాక్టరేట్ పొందాడు. 1984 నుంచి 1993 వరకు జాతీయ వైమానిక ప్రయోగశాలకు డైరెక్టరుగా పనిచేశాడు. 2013లో పద్మవిభూషణ్ వచ్చింది.

ఆయన 1957లో ప్రచురించిన ఒక ఫలితాన్ని జేఎస్ఎక్స్‌గ్రాఫ్‌లో ఒక్క ప్రమేయంగా గీయవచ్చు. నున్నని పలకమీదుగా గాలి పోతున్నప్పుడు దాని ఉపరితలాన్ని ఆనుకున్న పలుచని పొర మొదట పొరలు పొరలుగా, ప్రశాంతంగా ప్రవహిస్తుంది. కొంత దూరం తర్వాత అక్కడక్కడా సంక్షోభపు మచ్చలు పుట్టి, పెరిగి, చివరికి పొరంతా సంక్షుబ్ధమవుతుంది. ఈ మచ్చల సిద్ధాంతాన్ని హోవర్డ్ ఎమన్స్ 1951లో ప్రతిపాదించాడు. మచ్చలు పలకంతటా ఎక్కడబడితే అక్కడ పుట్టవు, ఒకే అడ్డగీత వద్ద పుట్టి ప్రవాహ దిశలో వ్యాపిస్తాయని భావిస్తే ప్రయోగ ఫలితాలకు సరిపోతుందని యువ నరసింహ చూపాడు.

ఏదైనా ఒక బిందువు వద్ద ప్రవాహం మొత్తం కాలంలో ఎంత భాగం సంక్షుబ్ధంగా ఉంటుందో ఆ భాగాన్ని గామా అంటారు. మార్పు మొదలైన చోటినుంచి బిందువు దాకా ఉన్న దూరాన్ని ఒక ప్రమాణ దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్య క్సై. ఆ ప్రమాణ దూరాన్ని నరసింహ ఇలా ఎంచుకున్నాడు: గామా 0.25 అయ్యే చోటికీ 0.75 అయ్యే చోటికీ మధ్య ఎడం. అప్పుడు గామా విలువ, 1 నుంచి సహజ ఘాతాంక ప్రమేయాన్ని తీసివేస్తే వస్తుంది. ఆ ప్రమేయపు ఘాతం −0.411 × క్సై². ఎన్నో వేర్వేరు ప్రయోగాల కొలతలు ఈ ఒక్క వక్రరేఖ మీదికే వచ్చి చేరాయి.

ఇంటర్మీడియట్ విద్యార్థి ఈ 0.411 ఎక్కడిదో తానే రాబట్టవచ్చు. గామా 0.75 అయినప్పుడు, ఋణ గుర్తు వదిలేస్తే, ఘాతం విలువ 4 యొక్క సహజ సంవర్గమానానికి సమానం, దాని వర్గమూలం 1.1774. గామా 0.25 అయినప్పుడు 4/3 యొక్క సహజ సంవర్గమానం వస్తుంది, దాని వర్గమూలం 0.5364. రెంటి భేదం 0.6410, ఆ భేదం వర్గం 0.411. ఎంచుకున్న ఎడం సరిగ్గా ఒక యూనిట్ కావాలన్న షరతే ఆ సంఖ్యను నిర్ణయించింది.

ఈ వక్రరేఖకు రెండు స్లైడర్లు చాలు. ఒకటి మార్పు మొదలైన చోటుకు, రెండోది ప్రమాణ దూరానికి. మొదటిదాన్ని 40 సెంటీమీటర్ల వద్ద, రెండోదాన్ని 20 సెంటీమీటర్ల వద్ద పెడితే, గామా 0.25 దాదాపు 56.7 సెంటీమీటర్ల వద్ద, 0.75 దాదాపు 76.7 సెంటీమీటర్ల వద్ద వస్తుంది. 0.99 దాటాలంటే దాదాపు 107 సెంటీమీటర్ల దాకా పోవాలి. మొదటి స్లైడరు జరిపితే గీత ఆకారం మారకుండా పక్కకు జరుగుతుంది. రెండోది జరిపితే సాగుతుంది, లేదా ముడుచుకుంటుంది. ప్రమేయాల స్థానాంతరణం, మాపన మార్పు అనే పాఠాలు రెండూ ఈ ఒక్క పటంలో ఇమిడిపోతాయి.

మగ్గం, మంటపం, కారు

ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంచుకూ కొంగుకూ వేసే డిజైను జకార్డు మగ్గానికి చేరేముందు గ్రాఫు కాగితంమీద గళ్లుగా మారుతుంది. ఒక్కో నిలువు వరుస ఒక్కో హుక్కుకు, ఒక్కో అడ్డు వరుస ఒక్కో పేక పోగుకు గుర్తు. నింపిన గడికి అట్టలో రంధ్రం పడుతుంది. రంధ్రం ఉన్నచోట హుక్కు తన పడుగు పోగులను పైకెత్తుతుంది. పూర్ణాంక నిరూపకాలున్న బిందువుల సమితి అంటే ఏమిటో చేనేత ఇంటి పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు. జేఎస్ఎక్స్‌గ్రాఫ్‌లో బిందువులు గడి మూలలకే అతుక్కునేలా నియమం పెట్టి, సగం మామిడి పిందెను గీసి, నిలువు అక్షంలో పరావర్తనం చేస్తే మిగతా సగం వస్తుంది. అంచు పొడవునా స్థానాంతరణం చేస్తే వరుస పూర్తవుతుంది. చేతితో ఒక్క గడి మార్చినా అన్ని పిందెలూ ఒకేసారి మారతాయి.

హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి వీరభద్రాలయంలో లతామంటపం స్తంభాలమీద చెక్కిన అల్లికలు ఇప్పటికీ చీరల అంచుల్లో లేపాక్షి డిజైన్లుగా వాడుకలో ఉన్నాయి. ఒక్కో చెక్కడంలో ఏ పరావర్తనం ఉంది, ఎన్ని డిగ్రీల భ్రమణం ఉంది అని గుర్తించి, ఒక చిన్న ముక్కనుంచి మొత్తం అల్లికను తెరమీద తిరిగి పుట్టించడం సౌష్ఠవం పాఠానికి తగిన అభ్యాసం.

పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కర్మాగారం నుంచి 2019లో కార్లు రావడం మొదలైంది. కారు పైభాగపు వంపులను గణితంగా వర్ణించే పద్ధతి కార్ల పరిశ్రమలోనే పుట్టింది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లో, రెనోలో పియెర్ బెజియే 1960లలో దాన్ని రూపొందించారు. నాలుగు నియంత్రణ బిందువులు తీసుకుని, వాటిని కలిపే మూడు రేఖాఖండాలను ఒకే నిష్పత్తిలో విభజించాలి. వచ్చిన మూడు బిందువులను కలిపి మళ్లీ విభజిస్తే రెండు వస్తాయి, ఆ రెంటినీ కలిపి విభజిస్తే ఒకటి మిగులుతుంది. నిష్పత్తిని 0 నుంచి 1 వరకు స్లైడరుతో మారిస్తే ఆ చివరి బిందువు బెజియే వక్రాన్ని గీసుకుంటూ పోతుంది. పదో తరగతిలో చదివే విభజన సూత్రం ఇక్కడ కారు తలుపు వంపుగా కనిపిస్తుంది.

లైసెన్సు, యాజమాన్యం

జేఎస్ఎక్స్‌గ్రాఫ్‌ను ఎల్‌జీపీఎల్, ఎంఐటీ అనే రెండు లైసెన్సుల్లో ఇష్టమైనదాని కింద వాడుకోవచ్చు. వ్యాపార సంస్థలైనా, ప్రభుత్వ బడి అయినా దీన్ని ఉచితంగా తీసుకుని, మార్చుకుని, ఇతరులకు పంచవచ్చు. సాటి సాధనాల్లో 2011లో మొదలైన డెస్మోస్ ఉచితంగా దొరుకుతుంది గానీ దాని మూల సంకేతం తెరిచి ఉండదు. జియోజీబ్రా మూల సంకేతం ప్రజలకు అందుబాటులోనే ఉంది, వ్యాపార వినియోగానికి మాత్రం వేరే షరతులున్నాయి.

యాజమాన్యం ఎందుకు ముఖ్యమో ఇటీవలి సంఘటనలే చెబుతాయి. జియోజీబ్రాను 2021 డిసెంబరులో బైజూస్ సంస్థ కొనుగోలు చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో అదే సంస్థతో ఒప్పందం చేసుకుని, ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు దాని పాఠాలున్న ట్యాబ్‌లు పంపిణీ చేసింది. 2024 జులైలో బైజూస్‌పై దివాలా ప్రక్రియ మొదలైంది. కంపెనీల భవిష్యత్తు బడి చేతిలో ఉండదు. బడి దగ్గర మూల సంకేతం, దాన్ని వాడుకునే శాశ్వత హక్కు ఉంటే, తయారుచేసినవాళ్లు రేపు పని ఆపేసినా పాఠం ఆగదు.

తెలుగు నాట, పొరుగు రాష్ట్రాల్లో

పాఠశాల గణితంలో స్వేచ్ఛా సాధనాల వాడకానికి దక్షిణాదిలో ముందున్నది కేరళ. అక్కడి ప్రభుత్వ బడులు గ్నూ/లినక్స్ కంప్యూటర్లలో జియోజీబ్రాను పాఠ్య ప్రణాళికలో భాగం చేశాయి. కర్ణాటకలో ఐటీ ఫర్ చేంజ్ సంస్థ ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఇలాంటి సాధనాల్లో శిక్షణ ఇచ్చింది.

తెలంగాణలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, టాటా ట్రస్టులు కలిసి నడిపిన క్లిక్స్ కార్యక్రమం ఉన్నత పాఠశాలలకు గణిత, విజ్ఞాన పాఠాలను తెలుగులోనూ అందించింది. బడి ల్యాబ్‌లోనే ఒక సర్వరు పెట్టి, ఇంటర్నెట్ లేకున్నా పిల్లలు బ్రౌజర్‌లో పాఠం చేసుకునేలా దాన్ని తీర్చిదిద్దారు. ఐఐటీ బొంబాయి నడిపే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి తెస్తోంది. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో కంప్యూటరు వాడకానికి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారానికి కృషి చేస్తోంది.

జేఎస్ఎక్స్‌గ్రాఫ్ తెలుగుకు ప్రత్యేకమైన అనువాదం అడగదు. పటంలోని పేర్లు, సూచనలు బ్రౌజరే చూపిస్తుంది కాబట్టి యూనికోడ్ తెలుగు గుణింతాలు, ఒత్తులతో సహా సరిగా కనిపిస్తుంది. బిందువులకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టవచ్చు, స్లైడరుకు ‘వాలు’ అని రాయవచ్చు. జావాస్క్రిప్టులో చరరాశుల పేర్లు కూడా తెలుగు అక్షరాల్లో ఉండవచ్చు. ప్రోగ్రాములో ‘వ్యాసార్ధం’ అనే చరరాశి పెడితే యంత్రం అభ్యంతరం చెప్పదు. ఆదేశాల పేర్లు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి.

సాధనం మొత్తం ఒక స్క్రిప్టు ఫైలు, ఒక శైలి ఫైలు. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పక్కనే పాఠం ఉన్న వెబ్ పేజీని ఉంచితే సిగ్నల్ అందని ఊళ్లోనూ తెరుచుకుంటుంది. పాఠం ఫైలు మామూలు పాఠ్యమే కావడంతో ఏ ఎడిటర్‌లోనైనా విప్పి, సంఖ్యలు మార్చి, మళ్లీ దాచుకోవచ్చు.

పరిమితులు

జియోజీబ్రాలో బొమ్మల బటన్లు నొక్కి పటం తయారుచేయవచ్చు. జేఎస్ఎక్స్‌గ్రాఫ్‌కు కొన్ని వరుసల సంకేతం రాయాలి. జెస్సీకోడ్ అనే చిన్న భాష ఆ శ్రమను తగ్గిస్తుంది గానీ పూర్తిగా తొలగించదు. ఇది పటాలు గీసే సాధనం. సమీకరణాన్ని అక్షరాలతో సాధించి చూపడం, పెద్ద బీజగణిత సరళీకరణలు దీని ప్రధాన పని కాదు. రెండు వృత్తాల ఖండన బిందువుల్లో దేన్ని అనుసరించాలన్న ప్రశ్న చర జ్యామితి సాధనాలన్నింటికీ ఉంది. లాగుతున్నప్పుడు ఒక బిందువు హఠాత్తుగా రెండోదాని చోటికి దూకవచ్చు. చూపు లేని విద్యార్థులకు చిత్రాన్ని మాటల్లో అందించే ఏర్పాటును పాఠం రాసేవాళ్లే శ్రద్ధగా చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన హద్దు గణితానిదే. త్రిభుజాన్ని ఎన్నిసార్లు లాగినా మధ్యగత రేఖలు ఒకే బిందువు వద్ద కలుస్తాయని కనిపిస్తుంది. అది నమ్మకం కలిగిస్తుంది, ప్రశ్న పుట్టిస్తుంది. నిరూపణ మాత్రం కాగితంమీద చేయాల్సిందే. మంచి ఉపాధ్యాయులు తెరను ప్రశ్న దాకా తీసుకుపోయి, అక్కడ ఆపి, పిల్లల చేత నిరూపణ రాయిస్తారు.

ప్రాముఖ్యం

తెలుగులో గణిత పరిభాషకు కొరత లేదు. పరావలయం, దీర్ఘవృత్తం, బిందుపథం, అవకలజం వంటి మాటలు దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో స్థిరపడి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పుటల్లో ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాక పిల్లలు రెండు భాషల్లోనూ ఒకే పాఠాన్ని చూస్తున్నారు. ఆ పుటల్లోని పటాలకు కదలిక తెచ్చే పని ఇంకా మిగిలి ఉంది. ఒక్కో పాఠానికి ఒక్కో పటం చొప్పున ఉపాధ్యాయులు తయారుచేసి, మూల సంకేతంతో సహా అందరికీ పంచితే, ఒక బడిలో రాసిన పాఠాన్ని మరో బడి మెరుగుపరుస్తుంది. లైసెన్సు దానికి అనుమతి ఇస్తోంది, సాధనానికి ఖర్చు లేదు, తెరలు చేరిన బడుల్లో బ్రౌజర్ ఉంది. ఇక కావలసింది ఉపాధ్యాయులకు కొద్దిపాటి శిక్షణ, ఆ పని చేసుకోవడానికి తగిన సమయం. ఆ రెండూ సమకూర్చడం విద్యాశాఖలు, డైట్ కళాశాలలు తలచుకుంటే అయ్యే పనే.